ఇంటికి తిరిగొచ్చిన నాటకకర్త

మా మేల్పాడిలో రెండు పాత శివాలయాలున్నాయి. ఒకటి సోమనాథేశ్వరుడిది. రెండోది చిన్నది, చోళేశ్వరాలయం. తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజచోళుడే ఈ చిన్నగుడినీ కట్టించాడు. 985 నుంచి 1014 దాకా రాజ్యం చేసిన ఆ చక్రవర్తి తన తాత అరింజయుడి జ్ఞాపకంగా దీన్ని నిలబెట్టాడని శాసనాలు చెబుతున్నాయి. ఇలాంటి గుడిని తమిళంలో పళ్ళిప్పడై అంటారు. పోయినవారి పేరు నిలవడానికి కట్టే గుడి అన్నమాట. చిన్నప్పుడు మా నాయన నన్ను పొన్నై ఏటి వైపు నడిపించుకుపోతూ, "తాత కోసం మనవడు కట్టిన గుడి ఇది" అని చూపించేవాడు. అప్పుడు నాకది పెద్ద విశేషంగా తోచలేదు.

ఇప్పుడు ఆ గుడి గుర్తుకు రావడానికి కారణం ఒక ఇంగ్లీషు సినిమా. వేసవి సెలవులకు వేలూరు నుంచి మా మనవరాలు వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో షేక్‌స్పియర్ పాఠం ఉందని, ఆయన మీద తీసిన సినిమా ఒకటి చూద్దామని పట్టుబట్టింది. రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని చూశాం. దాని పేరు 'ఆల్ ఈజ్ ట్రూ'. అంటే 'అంతా నిజమే' అని. 2018లో వచ్చింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గ్లోబ్ తగలబడ్డ తర్వాత

షేక్‌స్పియర్ అనగానే మనకు లండన్, నాటకశాల, చప్పట్లు గుర్తుకొస్తాయి. ఈ సినిమా అవన్నీ ముగిసిన చోట మొదలవుతుంది. 1613 జూన్ 29న గ్లోబ్ నాటకశాలలో ఎనిమిదో హెన్రీ రాజు మీద నాటకం ఆడుతున్నారు. ఆ నాటకానికి 'ఆల్ ఈజ్ ట్రూ' అని ఇంకో పేరుంది. రాజు రాకకు సూచనగా ఫిరంగి పేల్చారు. నిప్పురవ్వ పైకప్పు గడ్డికి అంటుకుంది. కాసేపట్లోనే నాటకశాల బూడిదైంది. ఇది జరిగిన సంగతే. అక్కడితో మన కవి కలం పక్కన పెట్టి, సొంత ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌కి తిరిగొచ్చాడని సినిమా చెబుతుంది.

ఇంటికొస్తే స్వాగతం ఎలా ఉంటుంది? ఇరవై ఏళ్ళకు పైగా లండన్‌లో ఉండి, వచ్చిపోయే మనిషి ఆయన. భార్య ఆన్ ఆయనకు ఇంట్లోకెల్లా మంచి మంచం చూపిస్తుంది. మురిసిపోయి కాదు. మంచి మంచం అతిథులకు, మాకు నువ్వు అతిథివి అన్నట్టు. మన ఇళ్ళలో దుబాయి నుంచో, అమెరికా నుంచో ఏళ్ళ తరబడి తర్వాత వచ్చిన ఇంటాయన ఎక్కడ కూర్చోవాలో తెలియక వసారాలో నిలబడతాడే, అచ్చం ఆ దృశ్యమే.

ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దకూతురు సుజానా. ఆ తర్వాత కవలలు, హామ్నెట్ అనే కొడుకు, జూడిత్ అనే కూతురు. కొడుకు పదకొండో ఏట పోయాడు. తండ్రి అప్పుడు దగ్గర లేడు. పదిహేడేళ్ళ తర్వాత ఇప్పుడు తీరిక చిక్కింది గనక, ఆ బిడ్డ జ్ఞాపకంగా పెరట్లో తోట వేస్తానని పలుగూ పారా పట్టుకుంటాడు. మట్టిపని చేతకాదు. మొక్కలు నిలవవు. ఇంట్లోవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. సుజానా భర్త వైద్యుడు, మహా నిష్ఠాపరుడు. జూడిత్‌కి ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నా పెళ్ళి కాలేదు. తండ్రి ఎప్పుడు నోరు తెరిచినా పోయిన కొడుకు తెలివితేటల గురించే మాట్లాడతాడు. వాడు రాసిన పద్యాలున్నాయి. అవి తీసి చూసుకుని మురుస్తాడు, ఏడుస్తాడు. బతికున్న కూతురు ఎదురుగా నిలబడి ఉంటుంది.

ఒకరోజు జూడిత్‌కి ఓపిక చచ్చిపోతుంది. ఆ పద్యాలు తమ్ముడివి కావు, తనవి. తనకు రాయడం రాదు. తను నోటితో చెబితే వాడు రాసేవాడు. తండ్రి మెచ్చుకున్నది తన మాటల్ని, వాడి చేతిరాత చూసి.

ఇక్కడ మా మనవరాలు సినిమా ఆపేసింది. "అంత పెద్ద రైటర్ కూతురికి రాయడం రాదా అవ్వా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నాకు వేరే సంగతి గుర్తుకొచ్చింది. అది చివర్లో చెబుతాను.

ఏది నిజం, ఏది కల్పన

పేరు 'అంతా నిజమే' అయినా, అంతా నిజం కాదు. సినిమా చూసేవాళ్ళు రెంటినీ కలిపేసుకోకుండా ఉండడానికి కొంచెం వివరంగా చెబుతాను.

షేక్‌స్పియర్ 1582లో ఆన్ హాతవేని పెళ్ళాడాడు. ఆయనకు పద్దెనిమిది, ఆవిడకు ఇరవై ఆరు. సుజానా 1583లో పుట్టింది. కవలలకు 1585 ఫిబ్రవరి 2న చర్చిలో నామకరణం జరిగింది. హామ్నెట్‌ను 1596 ఆగస్టు 11న ఖననం చేశారు. ఎందువల్ల పోయాడో చర్చి రిజిస్టరులో రాయలేదు. ఆ మరుసటి ఏడే, 1597లో, తండ్రి ఊళ్ళోకెల్లా పెద్ద ఇళ్ళలో ఒకటైన 'న్యూ ప్లేస్' కొన్నాడు. ఇవన్నీ కాగితాల మీద ఉన్నవే.

సుజానా మీద ఊళ్ళో ఒకడు నింద వేయడం, ఆమె 1613లో చర్చి న్యాయస్థానానికి వెళ్ళడం, వాడు విచారణకే రాకపోవడం నిజం. జూడిత్ 1616 ఫిబ్రవరిలో థామస్ క్వైనీ అనే ద్రాక్షసారా వ్యాపారిని పెళ్ళాడడం, మరుసటి నెలలోనే అతనివల్ల గర్భవతి అయిన ఇంకో యువతి బిడ్డతో సహా పురిట్లోనే చనిపోవడం కూడా నిజమే. మార్చి 25న తండ్రి వీలునామా మార్పించాడు. అల్లుడు అని రాసిన చోట ఆ మాట కొట్టేసి కూతురి పేరు పెట్టించాడు. ఆమె వాటా అల్లుడి చేతిలో పడకుండా షరతులు రాయించాడు. మర్నాడే క్వైనీ చర్చి న్యాయస్థానం ముందు తప్పు ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి, 1616 ఏప్రిల్ 23న, షేక్‌స్పియర్ కన్నుమూశాడు. కూతురి కాపురం గురించి దిగులుపడుతూ వీలునామా దిద్దించిన ఆ తండ్రిని తలుచుకుంటే, మహాకవి అన్న మాట మరిచిపోయి మన వీధిలో మనిషే అనిపిస్తాడు.

ఇక కల్పన. జూడిత్ పద్యాలు చెప్పడం, హామ్నెట్ రాయడం రచయిత బెన్ ఎల్టన్ అల్లిన కథ. ఆ పిల్లవాడి చావు వెనక సినిమా చెప్పే రహస్యమూ అంతే. అదేమిటో చూడబోయేవాళ్ళ కోసం విప్పడం లేదు. కానీ ఈ కల్పనకు కింద ఒక గట్టి నిజముంది. స్ట్రాట్‌ఫర్డ్ బడి మగపిల్లలకు మాత్రమే. సుజానాకు సంతకం చేయడం వచ్చు. జూడిత్ మాత్రం 1611లో ఒక దస్తావేజుకు సాక్షిగా ఉన్నప్పుడు పేరు రాయలేదు, గుర్తు పెట్టింది. మన పల్లెల్లో నిశానీ అంటామే, అదే. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

నటన గురించి ఒక మాట. దర్శకుడు కెన్నెత్ బ్రానా తనే షేక్‌స్పియర్ వేషం వేశాడు. 1989 నుంచి 'హెన్రీ ది ఫిఫ్త్', 'మచ్ అడో అబౌట్ నథింగ్', 'హామ్లెట్' వంటి నాటకాలను తెరకెక్కించిన మనిషి. ఆన్ పాత్రలో జూడీ డెంచ్. భర్త కంటే ఎనిమిదేళ్ళు పెద్దదైన భార్యగా ఆమె మరీ పెద్దగా కనబడుతుంది గానీ, ఆ కళ్ళు మాట్లాడితే ఆ లోటు మరిచిపోతాం. సౌతాంప్టన్ ప్రభువుగా ఇయాన్ మెకెలన్ కనిపించేది కాసేపే అయినా ఆ ఘట్టం అంతా ఆయనదే. సినిమాకు లోపాలూ ఉన్నాయి. నడక నెమ్మది. ఇంట్లో దాచుకున్న ప్రతి సంగతినీ ఎవరో ఒకరు నిలబడి ఉపన్యాసంలా బయటపెట్టేస్తారు. నాటకం చూస్తున్నామా, సినిమానా అనిపిస్తుంది. అయినా దీపపు వెలుగులో నలుగురు ఒకరి మొహాలొకరు చూసుకోకుండా కూర్చునే ఆ రాత్రి దృశ్యాలు మనసులోంచి పోవు.

నాటకాల్లో కనబడే ఇల్లు

ఈయన తన ఇంటి సంగతులు ఎక్కడా రాసుకోలేదు. ఉత్తరాలు దొరకలేదు, దినచర్య పుస్తకం లేదు. కాళిదాసు గురించి మనకెంత తెలుసో, ఆయన ఇంటి లోపలి మాటల గురించి లోకానికి ఇంచుమించు అంతే తెలుసు. అందుకే జనం నాటకాల్లో వెదుకుతారు.

వెదికితే కొన్ని దొరుకుతాయి. ఆయన కవలల తండ్రి. కవలల వల్ల జరిగే పొరపాట్లతో 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' రాశాడు. దాన్నే మన కందుకూరి వీరేశలింగం 'చమత్కార రత్నావళి'గా తెలుగు చేశారు. తర్వాత వచ్చిన 'ట్వెల్ఫ్త్ నైట్'లోనూ కవలలే, అన్నాచెల్లెళ్ళు. పడవ మునిగి అన్న చనిపోయాడని చెల్లెలు ఏడుస్తుంది. చివరికి ఆ అన్న బతికి వస్తాడు. ఆ నాటకం ఆడినట్టు మనకు తెలిసిన మొదటి తేదీ 1602 ఫిబ్రవరి 2. ఆయన కవలలకు నామకరణం జరిగిన రోజూ ఫిబ్రవరి 2నే, సరిగ్గా పదిహేడేళ్ళ ముందు. యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ తేదీ ఒక తండ్రికి గుర్తుండదా? హామ్నెట్, హామ్లెట్ అనే పేర్లు ఆ రోజుల్లో ఒకదానికొకటి వాడుకునేవారు. బిడ్డ పోయిన నాలుగైదేళ్ళకు 'హామ్లెట్' వచ్చింది. ఆ తల్లీబిడ్డల వైపు నుంచి చెప్పిన కథ మాగీ ఓఫారెల్ నవల 'హామ్నెట్'. అది 2020లో వచ్చింది. క్లోయీ జావో దాన్ని 2025లో సినిమాగా తీసింది.

తండ్రీకూతుళ్ళ కథలకు తెలుగువాళ్ళం కొత్తవాళ్ళం కాము. 'కింగ్ లియర్' ఛాయలతో 1949లోనే కె.వి.రెడ్డి 'గుణసుందరి కథ' తీశారు. ముగ్గురు కూతుళ్ళలో నిజం చెప్పిన చిన్నకూతురి మీదే రాజుకు కోపం వస్తుంది. మా అమ్మ ఆ సినిమా కథను మాకు అన్నం కలిపి పెడుతూ చెప్పేది. ఇంకా దగ్గరి బంధువు 2023లో వచ్చిన కృష్ణవంశీ 'రంగమార్తాండ'. రంగస్థలం విరమించుకున్న నటుడు ఇంటికొచ్చి, పిల్లల మధ్య తన చోటేదో తెలియక నలిగిపోయే కథ. ప్రకాశ్ రాజ్ నటించాడు. దానికి మూలం మరాఠీ 'నటసమ్రాట్'. రాసినవాడు వి.వి.శిర్వాడ్కర్. దాని మీదా లియర్ రాజు నీడ ఉంది. వేదిక మీద వెయ్యిమందిని ఏడిపించిన మనిషి ఇంట్లో ఒక్కరితో మనసు విప్పి మాట్లాడలేకపోవడం, ఇదే ఈ రెండు సినిమాల్లోనూ ఉన్న బాధ.

రెండో మంచం

వీలునామాలో అందరూ చెప్పుకునే మాట ఒకటుంది. భార్యకు ఆయన పేరుపెట్టి రాసిచ్చింది, ఇంట్లో ఉన్న వాటిలో రెండో మంచి మంచం. ఇది అవమానమని కొందరు అన్నారు. కాదు, మొదటిది అతిథులకు వేసేది, రెండోదే ఆలుమగలు పడుకునేది, అందుకే ఆప్యాయంగా ఇచ్చాడని మరికొందరు అన్నారు. సినిమా ఈ రెండో మాట పట్టుకుంది. అతిథిలా వచ్చిన భర్త మెల్లమెల్లగా ఆ రెండో మంచం దాకా రావడమే అసలు కథ.

ఆయన కోరుకున్నది ఇంకొకటి. మగ సంతానానికి ఆస్తి చెందాలని వీలునామా నిండా రాయించుకున్నాడు. కొడుకు పోయాడు, కనీసం మనవడైనా అని. జూడిత్ తన మొదటి బిడ్డకు తండ్రి ఇంటిపేరే పేరుగా పెట్టింది. ఆ పసివాడు 1617లో ఏడాది నిండకుండానే పోయాడు. మిగిలిన ఇద్దరు కొడుకులూ 1639లో ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. జూడిత్ 1662 దాకా బతికి అన్నీ చూసింది. సుజానా కూతురు ఎలిజబెత్ 1670లో బిడ్డలు లేకుండా చనిపోవడంతో ఆ వంశం అంతరించింది. ఆయన కొన్న పెద్ద ఇంటిని 1759లో అప్పటి యజమాని కూల్చేశాడు. ఆ జాగాలో ఇప్పుడున్నది తోట.

మిగిలింది ఏమిటి? పుస్తకం. ఆయన పోయిన ఏడేళ్ళకు, 1623లో, తోటి నటులిద్దరు 36 నాటకాలు ఏరి కూర్చి అచ్చు వేయించారు. వాటిలో సగం అంతకుముందు అచ్చుకానివే. వాళ్ళు ఆ పని చేయకపోతే 'మాక్బెత్' లేదు, 'టెంపెస్ట్' లేదు. భార్య ఆన్ ఆ ఏడు ఆగస్టులోనే కన్నుమూసింది. పుస్తకం ఆ తర్వాత వచ్చింది. వచ్చి ఉన్నా చదవగలిగేదా అన్నది వేరే ప్రశ్న. సినిమా మాత్రం ఆవిడకు పెద్దవయసులో అక్షరాలు నేర్పిస్తుంది. చివర భర్త అంత్యక్రియల వేళ తల్లీకూతుళ్ళు ఆయన కవితనే చదువుతారు. ఇది చరిత్రలో లేదు. కానీ ఆ కవికి ఇంతకంటే పెద్ద గౌరవం ఇంకేముంటుంది? లోకమంతా చదివింది, ఆఖరికి ఇంట్లోవాళ్ళూ చదివారు.

మన ఇంటి సంగతి

నేను చివర్లో చెబుతానన్నది ఇదే.

మా అమ్మవాళ్ళమ్మ గుడియాత్తం మనిషి. మేం అవ్వ అనేవాళ్ళం. ఉయ్యాల పాటలు, మంగళహారతులు, పెళ్ళిలో అప్పగింతల పాటలు అప్పటికప్పుడు కట్టి పాడేది. చదువు లేదు. ఆవిడ తమ్ముడు బడికి వెళ్ళినవాడు గనక, అక్క పాడుతుంటే గళ్ళ నోటుపుస్తకంలో రాసిపెట్టాడు. అట్ట మీద తన పేరు రాసుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు, బడిపిల్లలు పుస్తకం మీద పేరు రాసుకుంటారు కదా. కానీ మా ఇంట్లో ఈనాటికీ దాన్ని 'తాత పాటల పుస్తకం' అనే అంటాం. ఆ సినిమా చూసేదాకా ఆ మాటలో ఉన్న అన్యాయం నా బుర్రకు తట్టలేదు. ఆ రాత్రి నిద్ర పట్టనిది అందుకే.

తెల్లవారి ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి మనవరాలి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి తిరిగి నాకిచ్చింది. "నువ్వు చదువు అవ్వా, నాకు తెలుగు అక్షరాలు రావు కదా" అంది.

ఇంకో దెబ్బ అది. ఈ పిల్ల ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల మన ఇళ్ళలో పిల్లలు చాలామందిది ఇదే తీరు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక తరగతి పెరుగుతూ 2015-16కి పదో తరగతిని చేరింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టులకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకున్నారు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. అది నేర్చుకోవడం మన పిల్లలకు లాభమే. దాన్ని నేను తప్పు పట్టను. కానీ చట్టం బడి గురించి చెప్పింది గానీ, వసారాలో చాప వేసుకుని అఆలు దిద్దించవద్దని అనలేదు. నాకు మా నాయన నేర్పాడు, ఇసుకలో వేలుపెట్టి. నేను నా కొడుక్కి నేర్పలేదు. ఉద్యోగం, సంసారం, తీరిక లేదు అనుకున్నాను. షేక్‌స్పియర్ కూడా అలాగే అనుకుని ఉంటాడు.

ఆ సెలవుల్లో రోజూ సాయంత్రం గంటసేపు మేమిద్దరం కూర్చున్నాం. మొదట నేను పాట చదివితే అది తమిళ లిపిలో రాసుకుంది. మన 'గ'కూ 'క'కూ తమిళంలో ఒకటే అక్షరం. రాసుకున్నది తిరిగి చదివేసరికి పాట ఎక్కడికో పోయింది. అది పడీ పడీ నవ్వి, "ఇలా కుదరదు, అక్షరాలే నేర్పు" అంది. తలకట్లు, గుడులు, కొమ్ములు దాటి ఒత్తుల దాకా వచ్చాం. సెలవులు అయిపోయేలోగా ఒక హారతి పాట కూడబలుక్కుని మొత్తం చదివింది. రెండు చోట్ల తప్పు చదివింది. నేను దిద్దలేదు, ముందు పూర్తి కానిచ్చాను.

వెళ్ళే రోజు పొద్దున ఇద్దరం చోళేశ్వరుడి గుడి దాకా నడిచాం. తాత కోసం మనవడు కట్టిన గుడి అని మా నాయన మాటే చెప్పాను. కాసేపు ఆ రాళ్ళ మీది అక్షరాలు చూస్తూ నిలబడింది. "మరి అవ్వ కోసం?" అంది.

ఇంటికొచ్చాక పాటల పుస్తకం అట్ట మీద, తాత పేరు కొట్టేయకుండా, దాని పైన మా అవ్వ పేరు రాసింది. తెలుగులోనే. మొదటి అక్షరానికి దీర్ఘం మరిచిపోయింది. అది మాత్రం నేను దిద్దాను.